తప్పిపోయిందా, నిలబెట్టారా?

(తిరుపతిలో వేసవి శిబిరం చివరి రోజున కొత్త బాస్కెట్‌బాల్ రిఫరీలను, బడి వ్యాయామ ఉపాధ్యాయులను ఉద్దేశించి ఒక సీనియర్ రిఫరీ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగలేదు. సిమెంటు కోర్టు మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంటోంది. పిల్లలు ఆ చింతచెట్టు కింద కూర్చుని నీళ్లు తాగుతున్నారు. పొద్దు కొండ వెనక్కి వాలేదాకా మనం ఈ షెడ్డులో మాట్లాడుకుందాం. ఆ తర్వాత కోర్టులోకి దిగుదాం.

మీలో సగం మంది బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులు. మిగతావాళ్లు నిన్నమొన్నటిదాకా ఆడి, ఇప్పుడు ఈల పట్టుకోవాలని వచ్చినవాళ్లు. చిన్నపిల్లల పోటీల్లో డిఫెన్స్ మీద కొన్ని ప్రత్యేక నిబంధనలు పెడతారని మీకు తెలుసు. జోన్, అంటే ఒక్కొక్కరూ కోర్టులో ఒక్కో చోటును కాయడం, ఆడకూడదు. మ్యాన్ టు మ్యాన్, అంటే ఒక్కొక్కరూ ఎదుటి జట్టులో ఒక్కొక్క మనిషిని కాయడం, మాత్రమే ఆడాలి. కొన్ని చోట్ల ఫుల్ కోర్టు ప్రెస్, అంటే కోర్టు అంతటా వెంటబడి అడ్డుకోవడం, చేయకూడదు. కాగితం మీద ఇవి రెండు మూడు వాక్యాలు. కోర్టులో అమలు చేయబోతే, నా ముప్ఫై ఏళ్ల అనుభవంలో ఇంతకంటే కష్టమైన పని నాకు ఎదురుపడలేదు. ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని అడుగులు ఎక్కువ వేయడం, పిలవాలంటే పాదాలు చూస్తే చాలు. ఫౌల్ పిలవాలంటే చెయ్యి తగలడం చూస్తే చాలు. జోన్ పిలవాలంటే బంతికి దూరంగా నిలబడి ఉన్న పిల్ల ఎందుకు నిలబడిందో తెలియాలి. ఆ 'ఎందుకు' దగ్గరే చిక్కంతా ఉంది.

నా వల్ల జరిగిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో పన్నెండేళ్లలోపు అమ్మాయిల మ్యాచ్. జోన్ నిషేధం. ఒక జట్టులో 9వ నంబరు చొక్కా తొడుక్కున్న బక్కపలచటి పిల్ల ఉంది. చొక్కా అక్కదో ఏమో, మోకాళ్ల దాకా వేలాడుతోంది. ఆ పిల్ల వరుసగా నాలుగు దాడుల్లో రింగు కిందే నిలబడి ఉంది. బంతి ఎటు పోతే తల అటు తిరుగుతోంది తప్ప కాళ్లు కదలడం లేదు. నేను ఈల ఊదాను. ఆ పిల్ల వైపు వేలు చూపించి 'జోన్' అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. వాళ్ల కోచ్ పేరున హెచ్చరిక రాయించాను. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తరగతిలో దెబ్బ కోసం ఎదురుచూసే పిల్లలాగా తల దించుకుని నిలబడిపోయింది. ఆట మళ్లీ మొదలైనా చేతులు ముందుకు తీయలేదు.

విరామంలో అసలు సంగతి తెలిసింది. ఆ పిల్ల కాయవలసిన అమ్మాయిని అవతలి జట్టువాళ్లు బయటికి పిలిచి, ఇంకొకరిని లోపలికి పంపారు. కొత్తగా వచ్చిన అమ్మాయిని ఎవరు కాయాలో ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తన మనిషి కనిపించలేదు. ఎటు వెళ్లాలో తెలియలేదు. అందుకని రింగు కిందకి వచ్చి నిలబడింది. గంగజాతరలో అమ్మ చెయ్యి వదిలిపోయిన పిల్ల ఏం చేస్తుంది? జనంలో తిరగడానికి భయపడి, గుడి దగ్గరకే వచ్చి నిలబడుతుంది. ఇదీ అంతే. తప్పిపోయిన పిల్లను పట్టుకుని నేను దొంగ అన్నాను.

ఆ రోజు నుంచి నా ఈల కంటే ముందు ఒక ప్రశ్న పలుకుతుంది. ఈ పిల్ల తప్పిపోయిందా, లేక ఎవరైనా ఇక్కడ నిలబెట్టారా? ఈ గంటలో నేను మీకు చెప్పబోయేదంతా ఈ ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలన్నదే.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జోన్ తప్పు కాదు, మోసం అంతకన్నా కాదు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో పెద్దల ఆటకు జోన్ నిషేధం ఎక్కడా లేదు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడే 2-3 జోన్‌ను చక్కగా ఆడే జట్టును చూడడం ఒక ఆనందం. మరి పిల్లలకు ఎందుకు వద్దంటున్నాం? కోర్టులో ఆ రింగు చూడండి. నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. పదేళ్ల పిల్ల దాదాపు నాలుగున్నర అడుగులు ఉంటుంది. మినీ బాస్కెట్‌బాల్‌లో రింగును 2.60 మీటర్లకు దించుతారు, 5వ సైజు బంతి ఇస్తారు. నేను తిరిగిన బడుల్లో చాలాచోట్ల రింగు దించే ఏర్పాటు లేదు. అదే కోర్టు, అదే ఎత్తు. అలాంటప్పుడు ఆ పిల్లకు బంతి వేయగలిగిన చోటు ఒక్కటే, రింగుకు నాలుగైదు అడుగుల దూరం. సరిగ్గా అక్కడే ముగ్గురు పిల్లలను చేతులెత్తి నిలబెడితే ఇంకేం మిగులుతుంది? దూరం నుంచి వేద్దామంటే చేతుల్లో బలం లేదు. దూసుకెళ్దామంటే దారి లేదు. బంతి విసరడం, పోగొట్టుకోవడం, వెనక్కి పరుగెత్తడం, ఇదే ఆట అయిపోతుంది.

ఇందులో ఎక్కువ నష్టపోయేది గెలిచిన జట్టే అని నా నమ్మకం. ఓడిన పిల్లలు కనీసం దారి వెతుక్కున్నారు. గెలిచిన పిల్లలు నిలబడడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. ఎదుటి మనిషికి, రింగుకు మధ్య నడుము వంచి, పాదాలు ఈడుస్తూ అడ్డుగా ఉండడం ఒక విద్య. అది పదకొండేళ్లకు పట్టుబడకపోతే పదహారేళ్లకు పట్టుబడడం చాలా కష్టం. పదకొండేళ్లప్పుడు కప్పులు గెలిచిన జట్లలోని పిల్లలు పెద్ద పోటీల ఎంపికల దగ్గర ఒక్క మనిషిని కాయలేక వెనుదిరగడం నా కళ్లతో చూశాను. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఈ ఆట పుట్టిందే విద్యార్థుల చేత పని చేయించడానికి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య విసుగెత్తిపోతున్న విద్యార్థుల కోసం పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడకు కొట్టి, పదమూడు నిబంధనలు రాశాడు. ఆయన మనలాంటి ఉపాధ్యాయుడే అన్న సంగతి నాకు ఎప్పుడూ ధైర్యమిస్తుంది. ఆ పరంపర మనకు మరీ దూరమూ కాదు. ఇక్కడి నుంచి మూడు గంటల ప్రయాణంలో ఉన్న మద్రాసులో 1920లోనే అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ వ్యాయామ విద్యా కళాశాల పెట్టారు.

జోన్‌ను అదుపు చేయడం పెద్దలకే ఎంత కష్టమైందో కూడా చెప్పాలి. అమెరికాలో వృత్తి క్రీడాకారుల లీగు 1947లో జోన్‌ను నిషేధించింది. యాభై ఏళ్లకు పైగా ఆ నిషేధాన్ని ఏదో ఒక రూపంలో మోశారు. ఎవరు ఎక్కడ నిలబడవచ్చు, ఏ గీత దాటకూడదు అని నిబంధనలు చాంతాడంత పెరిగాయి. చివరికి 2001-02 సీజన్ నుంచి జోన్‌కు అనుమతి ఇచ్చి, దాని బదులు ఒక్క నిబంధన పెట్టారు. ఎవరినీ దగ్గరగా కాయకుండా డిఫెండర్ రింగు ముందు గీతలు గీసిన పెట్టెలో మూడు సెకన్లకు మించి ఉండకూడదు. జపాన్‌లో 2016 నుంచి పదిహేనేళ్లు, అంతకు లోపు పిల్లలకు జోన్ వద్దన్నారు. దాన్ని గమనించడానికి రిఫరీలు కాక ఇంకొక మనిషిని కూర్చోబెట్టి, చేతికి రంగు జెండాలు ఇచ్చారు. ఎందుకంటే బంతి వెంట పరుగెత్తే రిఫరీకి ఇది చూసే తీరిక దొరకదని వాళ్లకు అర్థమైంది. మన దగ్గర ఆ మూడో మనిషి ఉండడు. ఆ మూడో మనిషి కళ్లు కూడా మనమే తెచ్చుకోవాలి.

ఎలా తెచ్చుకోవాలి? ఇద్దరు రిఫరీలు ఉన్నప్పుడు ఒకరు రింగు వెనక అంచు గీత దగ్గర లీడ్‌గా, ఇంకొకరు వెనక ట్రెయిల్‌గా ఉంటారని మీకు నేర్పారు. బంతి రింగుకు దూరంగా, కోర్టు మధ్య వైపు ఉన్నప్పుడు బంతి ట్రెయిల్‌ది. అప్పుడు లీడ్ చూడవలసింది పెట్టెను, బంతి లేని పిల్లలను. ఇది మీరు పరీక్షలో రాశారు. కానీ పిల్లల ఆటలో బంతికి అయస్కాంతంలాంటి గుణం ఉంది. పదిమంది పిల్లలూ దాని వైపే పరుగెత్తుతారు, ప్రేక్షకులూ దాన్నే చూస్తారు, మన మెడ కూడా తెలియకుండానే అటు తిరుగుతుంది. ఇద్దరు రిఫరీలూ బంతినే చూస్తే జోన్ ఆడుతున్న సంగతి ఎవరికీ కనబడదు. కోచ్‌కు తప్ప. లీడ్‌లో ఉన్నప్పుడు బంతి మీ వైపు వచ్చేదాకా దాన్ని మరచిపోండి. కావాలంటే మనసులో అనుకోండి, 'అది నాది కాదు, అది నాది కాదు' అని.

ఇక ఏం చూడాలి. మ్యాన్ టు మ్యాన్‌లో పిల్ల మనిషిని కాస్తుంది. జోన్‌లో చోటును కాస్తుంది. కాబట్టి మనిషి కదిలినప్పుడు ఏం జరిగిందన్నదే పరీక్ష. బంతి లేని అమ్మాయి ఎడమ మూల నుంచి బయలుదేరి, రింగు కిందుగా కుడి మూలకు పరుగెత్తిందనుకోండి. ఆమెను కాసే పిల్ల వెంట వెళ్లిందా? వెళ్తే సందేహమే లేదు. రెండడుగులు వెళ్లి, దారిలో ఉన్న తోటి పిల్లకు 'నువ్వు తీసుకో' అని అప్పగించి, ఆమె మనిషిని తాను తీసుకుందా? అది స్విచ్, అదీ మ్యాన్ టు మ్యానే. అలా కాకుండా పరుగెత్తే అమ్మాయి ఒక్కొక్కరి పక్క నుంచీ దాటిపోతుంటే, రైలు వెళ్తుంటే చూస్తున్న స్టేషన్ల మాదిరిగా ఐదుగురూ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారా? అప్పుడు అనుమానించండి. బంతి కదిలినప్పుడు మాత్రమే కదిలి, మనిషి కదిలినప్పుడు కదలని పిల్ల చోటును కాస్తోంది.

అనుమానించండి అన్నాను, ఈల ఊదండి అనలేదు. నేను నా కోసం పెట్టుకున్న పద్ధతి మూడు దాడులు చూడడం. మొదటి దాడిలో నాకు ఏదో తేడాగా అనిపిస్తుంది. రెండో దాడిలో ఆ ఒక్క పిల్ల మీదే కన్నుంచి, ఆమె మనిషి కదిలినప్పుడు ఏం చేసిందో చూస్తాను. మూడో దాడిలో పిల్లను వదిలేసి మిగతా నలుగురిని చూస్తాను. తప్పిపోయిన పిల్ల ఒంటరిగా ఉంటుంది. మిగతా నలుగురికీ మనుషులు ఉంటారు, ఒక్క పిల్లకే ఉండరు. నిలబెట్టిన జట్టులో ఆ తీరు ఐదుగురిలోనూ, కనీసం ముగ్గురిలోనూ కనిపిస్తుంది. ఆ రోజు చిత్తూరులో నేను మిగతా నలుగురిని చూసి ఉంటే ఆ పిల్లను ఏడిపించేదాన్ని కాదు.

కళ్లతో పాటు చెవులు కూడా వాడండి. ఇది పుస్తకంలో ఉండదు. లీడ్‌లో నిలబడినా, ట్రెయిల్‌లో నిలబడినా బెంచీ నుంచి వచ్చే మాటలు మనకు వినిపిస్తూనే ఉంటాయి. 'నీ అమ్మాయి ఎక్కడ?', 'వెంట వెళ్లు', 'నీ మనిషిని వదలకు' అని అరిచే కోచ్ మనిషిని కాయడం నేర్పుతున్నాడు. పిల్లలకు చేతకాకపోవచ్చు, అది వేరే సంగతి. 'నీ చోటు వదలకు', 'మధ్యలోనే ఉండు', 'ఎవరొచ్చినా కదలకు' అని అరిచే కోచ్ చోటును కాయడం నేర్పుతున్నాడు. మనిషి, చోటు. ఈ రెండు మాటల్లో ఏది ఎక్కువగా వినిపిస్తోందో చూసుకోండి. ఒక్క కేకతో తీర్పు ఇవ్వకండి. హెల్ప్ కోసం, అంటే తోటి పిల్లను దాటి వచ్చేవాళ్లకు అడ్డుపడడం కోసం, కూడా మధ్యలో ఉండమంటారు. కానీ కాళ్లు చెప్పేదీ, బెంచీ చెప్పేదీ ఒక్కటే అయితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

హెల్ప్ మాట వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగాలి. కొత్త రిఫరీలు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. రింగు ముందు పెట్టెలో ఒక పిల్ల కనిపించగానే జోన్ అనేస్తారు. బంతి కుడి పక్కన ఉందనుకోండి. ఎడమ మూలలో ఉన్న అమ్మాయిని కాసే పిల్ల ఆమె పక్కనే అతుక్కుని ఉండాల్సిన పనిలేదు. ఈ రింగు నుంచి ఆ రింగుకు కోర్టు మధ్యగా ఒక దారం కట్టారనుకోండి. ఆ దారం దాకా వచ్చి నిలబడి, బంతి పట్టుకున్న అమ్మాయి దూసుకొస్తే అడ్డుకోవడానికి సిద్ధంగా ఉండడం మంచి డిఫెన్స్. అలా నిలబడిన పిల్ల ఒక చెయ్యి బంతి వైపు, ఒక చెయ్యి తన మనిషి వైపు చాచి, తల అటూ ఇటూ తిప్పుతూ ఉంటే చూడడానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. ఆ పిల్లకు ఎవరో శ్రద్ధగా నేర్పారు. అలాంటి పిల్ల మీద జోన్ అని ఈల ఊదితే, ఆ నేర్పిన ఉపాధ్యాయుడి ఏడాది కష్టాన్ని ఒక్క ఊపిరితో చెరిపేసినట్టే.

ఆమెను ఎలా గుర్తించాలి? బంతిని ఎడమ మూలకు విసిరేదాకా ఆగండి. విసరగానే ఆ పిల్ల తన మనిషి మీదకి పరుగెత్తితే ఆమె మనిషినే కాస్తోంది. ఆలస్యమైనా సరే, జారిపడినా సరే. బయలుదేరిందా లేదా అన్నదే లెక్క, చేరిందా లేదా అన్నది కాదు. ఆమె కదలకుండా పక్కనున్న పిల్ల ఆ మూలకు వెళ్తే, అది ఒకసారి అయితే స్విచ్ కావచ్చు. ప్రతిసారీ అదే పిల్ల అదే మూలకు వెళ్తుంటే, ఆ మూల ఆ పిల్లకు రాసిచ్చారన్నమాట.

ఇంకా కష్టమైనది ఒకటుంది. 'ఆ అమ్మాయికి దూరం నుంచి వేయడం రాదు, నువ్వు ఐదడుగులు వెనక్కి ఉండు' అని కోచ్ చెబుతాడు. పిల్ల వెనక్కి వచ్చి పెట్టెలో నిలబడుతుంది. చూడడానికి అచ్చం జోన్‌లా ఉంటుంది. మీ పోటీ నిబంధనల్లో ఎంత దూరంలో ఉండాలో రాసి ఉంటే దాన్నే అమలు చేయండి. రాసి లేకపోతే మళ్లీ మన పాత పరీక్షే. ఆ అమ్మాయి కదిలితే ఈ పిల్ల కదిలిందా? ఐదడుగుల దూరాన్ని తాడు కట్టినట్టు కాపాడుకుంటూ వెంట తిరుగుతుంటే అది మ్యాన్ టు మ్యానే. తెలివైన డిఫెన్స్ అని కూడా అంటాను. ఆ మాటకొస్తే, దాడి చేసే జట్టే కొయ్యబారి నిలబడి ఉంటే మీరు ఏమీ తేల్చలేరు. మనిషి కదలకపోతే మనిషిని కాసేవాళ్లూ కదలరు. అవతలి కోచ్ 'మేడం, జోన్, జోన్' అని ఎంత గోల పెట్టినా తొందరపడకండి. 'మీ పిల్లలను కొంచెం కదలమనండి, నేను చూస్తాను' అని చెప్పండి. నేను అలాగే చెబుతాను. అది సలహా ఇచ్చినట్టు అవుతుందని కొందరు అభ్యంతరం చెప్పారు. పిల్లల ఆటలో అంతమాత్రం చెప్పడం తప్పని నాకు తోచదు.

ఇద్దరు కలిసి ఒకరిని చుట్టుముట్టడాన్ని కొన్ని పోటీల్లో ఒప్పుకుంటారు, కొన్నిటిలో ఒప్పుకోరు. ముందురోజే నిబంధనల కాగితం చదువుకోండి. ఒప్పుకోని చోట కూడా, తనను కాసే పిల్లను దాటుకుని రింగు మీదకి వస్తున్న అమ్మాయికి ఇంకొక పిల్ల అడ్డు రావడం చుట్టుముట్టడం కాదు. అది హెల్ప్.

ప్రెస్ నిబంధన కాస్త సులువు, ఎందుకంటే కోర్టు మధ్యలో గీత ఉంది. ప్రెస్ నిషేధం ఉన్న పోటీలో, అవతలి జట్టు చేతికి బంతి చిక్కగానే ఈ జట్టు సగం గీత దాటి వెనక్కి రావాలి. ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. రింగుకు తగిలి పడిన బంతి కోసం ఇద్దరు పిల్లలు పెనుగులాడుతున్నప్పుడు బంతి ఇంకా ఎవరిదీ కాదు, అప్పుడు ఎవరినీ వెనక్కి పొమ్మనకూడదు. బంతి ఒకరి చేతిలో స్థిరపడ్డాక, చేతులు అడ్డుపెడుతూ అక్కడే ఉండిపోతేనే తప్పు. రెండోది, బంతి దొరికిన జట్టే ఆగకుండా పరుగెత్తి దాడికి వస్తే, పక్కనే పరుగెత్తుతున్న డిఫెండర్‌ను తప్పుపట్టవద్దు. ఆమె వెనక్కే వెళ్తోంది, ఇద్దరి దారీ ఒకటే అయింది. కొన్ని పోటీల్లో తేడా ఇరవై పాయింట్లు దాటితే ప్రెస్ ఆపాలని రాస్తారు. అలాంటి చోట తేడాను ప్రతి బుట్ట తర్వాతా స్కోరర్‌ను అడిగి తెలుసుకోండి. మన లెక్క తప్పితే ఆ కోచ్‌కు జవాబు చెప్పలేం.

ఇప్పుడు, జోన్ అని మీకు నిశ్చయమైంది. ఏం చేయాలి? ముందుగా, దాడి మధ్యలో ఈల ఊదకండి. ఒక పిల్ల ఎంతో కష్టపడి దారి చేసుకుని రింగు దగ్గరకు వచ్చిన క్షణంలో మీరు ఆట ఆపితే, నిబంధన ఎవరిని కాపాడాలో ఆ పిల్లకే నష్టం చేసినట్టు. బంతి ఆగేదాకా ఓపిక పట్టండి. ఆగాక కోచ్ దగ్గరకు నడిచి వెళ్లండి, పరుగెత్తకండి. ఆ పిల్ల వైపు చూడకండి, వేలు అసలే చూపించకండి. చిన్న గొంతుతో, 'సార్, 7వ నంబరు అమ్మాయి తన మనిషి మూల నుంచి మూలకు వెళ్లినా మూడుసార్లు కదల్లేదు, ఒకసారి చెప్పండి' అనండి. అదే మాట అవతలి కోచ్‌కూ, మీ తోటి రిఫరీకీ, స్కోరు రాసే టేబుల్‌కూ తెలియజేయండి. హెచ్చరించిన సమయం స్కోరు షీటు పక్కన రాయించండి. నా అనుభవంలో పదింట ఎనిమిది చోట్ల అక్కడితో సరిపోయింది.

సరిపోకపోతే శిక్ష. ఇది పిల్ల మీద పడకూడదు, కోచ్ మీద పడాలి. చాలాచోట్ల నిబంధన కూడా అలాగే ఉంటుంది, హెచ్చరిక తర్వాత కోచ్ మీద టెక్నికల్ ఫౌల్, అంటే ఒంటికి తగలకుండా జరిగే తప్పుకు వేసే ఫౌల్, అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే అవకాశం. ఆ ఫౌల్ ఏ అక్షరంతో రాయాలో ముందే అడిగి పెట్టుకోండి. కోచ్ సొంత దురుసు ప్రవర్తనకు 'సి' రాస్తాం, బెంచీ మీది ఇతరుల వల్ల అయితే 'బి' రాస్తాం. రెండు 'సి'లు పడితే కోచ్ కోర్టు వదిలి వెళ్లాలి. 'బి'లతో కలిపి మూడు పడినా వెళ్లాలి. జోన్ ఆడించిన ఉపాధ్యాయుడిని, బూతులు తిట్టినవాడిని ఒకే అక్షరం కింద కట్టేయడం న్యాయం కాదని నేను అనుకుంటాను. నిర్వాహకులు 'సి' అనే రాయమంటే రాయాల్సిందే. కానీ మ్యాచ్‌కు ముందు జరిగే సమావేశంలో లేచి ఈ మాట అడగండి. అడిగినందుకు రెండుసార్లు నా ముందే నిబంధన మార్చారు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఈల ఊదే మనిషికి కాణిపాకం పేరు వినక తప్పదు. ఒక అబ్బాయిల మ్యాచ్‌లో టెక్నికల్ ఇచ్చాను. ఆట అయ్యాక ఒక తండ్రి గేటు దగ్గర నన్ను ఆపారు. కోపంగా లేరు, బాధగా ఉన్నారు. 'మేడం, మా అబ్బాయి జోన్ ఆడాడని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి చెప్పగలరా?' అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బస్సులో తిరుపతి చేరేదాకా ఆ మాటే మనసులో తిరిగింది. ఆ అబ్బాయి జోన్ ఆడాడు అన్నది నా అభిప్రాయం. దాని మీద ప్రమాణం చేయలేను. కానీ 11వ నంబరు ఎడమ మూల నుంచి రింగు కిందుగా కుడి మూలకు వెళ్లినప్పుడు 5వ నంబరు ఒక్క అడుగు కూడా వేయలేదు, మూడుసార్లు వేయలేదు, మూడుసార్లూ కోచ్ 'నీ చోటు వదలకు' అన్నాడు. ఇది నేను చూసింది, విన్నది. దీని మీద ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. అప్పటి నుంచి ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరు కదల్లేదు, ఎన్నిసార్లు అన్న నాలుగు సంగతులూ నా దగ్గర లేకపోతే ఈల నోటి దాకా వచ్చినా దించేస్తాను. ఆ తండ్రికి నేను రుణపడి ఉన్నాను.

వెనక నుంచి ఒక మేడం అడుగుతున్నారు, తమ మండలంలో మ్యాచ్‌కు ఒక్కరే రిఫరీ ఉంటారు, అప్పుడు ఇదంతా ఎలా సాధ్యమని. మంచి ప్రశ్న. ఒక్కరే ఉంటే బంతిని వదలలేరు, నిజమే. అలాంటప్పుడు బంతి ఆగిన క్షణాలను వాడుకోండి. పక్క గీత నుంచి బంతి లోపలికి ఇచ్చేటప్పుడు బంతి ఎక్కడుందో మీకు తెలుసు, దాన్ని పట్టుకుని చూడనక్కర్లేదు. ఆ నాలుగైదు సెకన్లలో డిఫెన్స్ జట్టు ముఖాలు చూడండి. మనిషిని కాసే పిల్లలు తమ మనిషిని వెతుక్కుంటారు, వేలు చూపి 'నాది, నాది' అంటారు. చోటును కాసే పిల్లలు కాళ్ల కింద నేల చూసుకుని సర్దుకుంటారు. ఒక్కరే రిఫరీ అయినా ఇది కనబడుతుంది. ఇంకో మాట, టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దపిల్లల్లో ఒకరికి ఈ పరీక్ష నేర్పి, లెక్క పెట్టమనండి. వాళ్ల లెక్కతో ఈల ఊదకండి, ఎటు చూడాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

సరే, పొద్దు వాలింది. ఈలలు జేబుల్లోనే ఉంచండి, మొదటి పది నిమిషాలు చూడడమే. ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు రింగు వెనక, ఒకరు సగం గీత దగ్గర నిలబడండి. పసుపు చొక్కాల పిల్లలు దాడి చేస్తారు, నీలం చొక్కాల పిల్లలు కాస్తారు. నీలం పిల్లల్లో ముగ్గురికి ఎవరి మనిషిని వాళ్లకు చూపించాను. ఒకరిని పిలిచి చోటు వదలవద్దని చెవిలో చెప్పాను. ఇంకొకరికి ఎవరిని కాయాలో ఏమీ చెప్పకుండా పంపాను. ఎవరు ఎవరో పదో నిమిషం దాటాక నా దగ్గరకు వచ్చి చెప్పండి. నంబరుతో పాటు ఏం చూశారో కూడా చెప్పాలి.